ఎయిర్ ప్లాంట్ ఒకటి కుళ్లింది, ఇంకొకటి ఎండుతోంది: ఒంగోలు, నెల్లూరు ఇళ్లకు సరిపడే పద్ధతి

మీ ప్రశ్న చదివాను, ఫోటోలు కూడా చూశాను. ఒంగోలులో మూడో అంతస్తు ఫ్లాటు, పడమటి బాల్కనీ. ఆన్‌లైన్లో తెప్పించిన మూడు ఎయిర్ ప్లాంట్లను (మట్టి లేకుండా పెరిగే గాలి మొక్కలు) హాల్లో గాజు గోళాల్లో పెట్టి, రోజుకు రెండుసార్లు బోరు నీళ్లు స్ప్రే చేస్తున్నారు. వాటిలో బల్బోసా రకానికి మొదలు నల్లబడి ఆకులు ఊడిపోయాయి, అయొనాంథా కొసలు ఎండుతున్నాయి, జెరోగ్రాఫికా ఆకులు బిగుతుగా చుట్టుకుంటున్నాయి. "గాలి మొక్కకు నీళ్లే అక్కర్లేదన్నారు, అయినా రోజూ కొడుతున్నాను. ఒకటి కుళ్లడం, ఒకటి ఎండడం ఏంటి?" అని అడిగారు. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే వీటి సంగతేంటని కూడా అడిగారు.

బల్బోసా మీద ఆశ పెట్టుకోకండి, మొదలు అంతగా నల్లబడ్డాక ఆ మొక్క కోలుకోదు. మిగతా రెండూ బతుకుతాయి. మూడింటికీ వచ్చిన కష్టం ఒకటే. అవి కడుపునిండా నీళ్లు తాగడమూ లేదు, పూర్తిగా ఆరడమూ లేదు. పైపైన కొట్టిన స్ప్రే ఆకు తాగేలోపే ఆవిరవుతోంది. మొదట్లోకి జారిన నాలుగు చుక్కలు మాత్రం గాజులో గాలాడక అక్కడే నిలిచిపోతున్నాయి. అందుకే కొస ఎండుతుంది, మొదలు కుళ్లుతుంది. ఈ మొక్కకు తడవడం ఎంత ముఖ్యమో ఆరడం అంత ముఖ్యం. మన కోస్తాలో వీటిని పెంచాలంటే ఈ రెండూ ఏ కాలంలో ఎలా జరిపించాలో తెలిస్తే చాలు, మిగతా జాగ్రత్తలన్నీ చిన్నవే.

ముందు ఇది ఎలా తాగుతుందో కళ్లారా చూడండి. జెరోగ్రాఫికా ఆకు మీద బూడిద పూసినట్టు వెండి రంగు ఉంటుంది కదా, అది దుమ్ము కాదు, తుడవకండి. ఫోన్ కెమెరాను బాగా దగ్గరగా పెట్టి చూస్తే చిన్న చిన్న పొలుసులు కనిపిస్తాయి. ఆ ఆకు మీద ఒక చుక్క మంచినీళ్లు వేయండి. చుక్క పడిన చోట చూస్తుండగానే తెలుపు పోయి పచ్చదనం బయటికి వస్తుంది. పొలుసులు నీళ్లు పీల్చి ఆకుకు అతుక్కుంటాయి, కింద ఉన్న పచ్చదనం కనిపిస్తుంది. ఆరితే మళ్లీ వెండి రంగు తేలుతుంది. మొక్క తడిగా ఉందా, ఆరిందా అని చూడడానికి ఇంతకన్నా మంచి కొలత లేదు. నీళ్లు, పోషకాలు అన్నీ ఈ పొలుసుల గుండానే లోపలికి వెళ్తాయి. వేళ్లు ఉండేది కొమ్మనో రాతినో పట్టుకోవడానికే, కాబట్టి రవాణాలో వేళ్లు తెగినా కంగారు పడక్కర్లేదు.

వీటి అసలు పేరు టిల్లాండ్సియా. అనాస కుటుంబం. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి మెక్సికో, మధ్య అమెరికా మీదుగా అర్జెంటీనా దాకా చెట్ల మీద, కొండరాళ్ల మీద పెరుగుతాయి. రికర్వాటా అనే రకమైతే కరెంటు తీగల మీద కూడా గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. అక్కడ మట్టీ లేదు, చెట్టు రసమూ లేదు. చాలామంది మన మామిడి చెట్ల మీద కనిపించే బదనికతో దీన్ని కలిపేసి, ఇంట్లో మిగతా మొక్కల్ని పీల్చేస్తుందేమోనని భయపడతారు. బదనిక చెట్టులోకి దిగి రసం పీలుస్తుంది, ఇది ఆనుకుని కూర్చుంటుందంతే. పక్కన మనీ ప్లాంట్ ఉన్నా, తులసి ఉన్నా భయం లేదు.

"నీళ్లు అక్కర్లేదు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. గుమ్మానికి దిష్టి కోసం తలకిందులుగా కట్టిన కలబంద మట్టి లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండడం మనందరం చూసిందే. ఇదీ అలాంటిదే అనుకుంటారు. కలబంద తన మందపాటి ఆకుల్లో దాచుకున్న నీటిని కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకుంటుంది. ఎయిర్ ప్లాంట్‌కు అంత నిల్వ లేదు. కానీ ఎండిపోతున్నా రూపం చాలా రోజులు చెడదు కాబట్టి, బాగానే ఉందనుకుంటాం. మనకు అనుమానం వచ్చేసరికి సగం ప్రాణం పోయి ఉంటుంది.

ఇక చేయాల్సిన పని. గాజు గోళాలు ఈరోజే తీసేయండి. చుట్టాలు వచ్చిన పూట అలంకారానికి పెట్టుకుంటే పెట్టుకోండి, కాపురం మాత్రం అందులో వద్దు. గోళంలో గాలి తిరగదు. దానికి తోడు మీ పడమటి ఎండ గాజు మీద పడితే లోపల మొక్క ఉడికిపోతుంది.

అయొనాంథాను వెడల్పు గిన్నెలో మంచినీళ్లు పోసి పూర్తిగా ముంచి అరగంట ఉంచండి. తీశాక తలకిందులుగా పట్టుకుని నాలుగైదు సార్లు గట్టిగా విదిలించండి. ఆకుల మధ్య నుంచి ఎన్ని చుక్కలు రాలతాయో చూస్తే, ఇన్నాళ్లూ లోపల ఏం నిలిచిందో మీకే అర్థమవుతుంది. తర్వాత గుడ్డ మీదో జల్లెడ మీదో పక్కకు వాల్చి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. నాలుగు గంటల్లోపు మొదలు దాకా ఆరిపోవాలి. మామూలు రోజుల్లో వారానికి ఒకసారి ఇలా చేస్తే చాలు, మధ్యలో ఒకటి రెండుసార్లు బాగా కారేలా స్ప్రే కొట్టండి. ఇప్పుడు మీది దప్పికతో ఉంది కాబట్టి మొదటి రెండు వారాలు మూడు రోజులకోసారి ముంచండి. ఎండిన కొసలను కత్తెరతో ఏటవాలుగా కత్తిరించుకోవచ్చు, మొక్కకు నష్టం లేదు.

జెరోగ్రాఫికాను మాత్రం నానబెట్టకండి. దాని ఆకులు గిన్నెలా నీళ్లు పట్టుకుంటాయి. ఒక్కసారి ముంచి, రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, బోర్లించి ఆరబెట్టండి. దాని ఆకులు కొంత చుట్టుకుని ఉండడం స్వభావమే. ముందు ఉన్నదానికన్నా బిగుతుగా చుట్టుకుని, ఆకు మధ్యలో గాడి లోతుగా పడితే అది దాహం. మీ ఫోటోలో కనిపిస్తున్నది అదే. బల్బోసా, కాపుట్ మెడూసే లాంటివాటి మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి లోపల బోలుగా ఉంటుంది. వాటి సొంత అడవుల్లో ఆ బోలులో చీమలు కాపురం ఉంటాయి. మన ఇంట్లో నీళ్లు కాపురం ఉంటాయి, కుళ్లిపోతుంది. అలాంటివి ముంచి వెంటనే తీసి, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టాల్సిందే.

ఈ పనంతా ఉదయం పూటే చేయండి. మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిస్తే, ఇవి నీటిని పొదుపు చేయడానికి రాత్రి తెరుస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రి పీల్చి దాచుకుని పగటి వెలుగులో వాడుకుంటాయి. రాత్రంతా ఒళ్లు తడిగా ఉంటే ఆ పని సాగదు, పైగా కుళ్లు పట్టుకుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్ప్రే కొట్టే అలవాటు చాలామందికి ఉంది, మానుకోండి.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చాలా మొక్కల్ని చంపేది అదే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కనిగిరి వైపు వెళ్తే ఉప్పదనానికి తోడు ఫ్లోరైడ్ సమస్య ఉంది. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునేది మీరు చూసే ఉంటారు. కుండీ మొక్కకైతే ఆ ఉప్పులో కొంత మట్టిలోకి దిగి కిందికి కొట్టుకుపోతుంది. ఎయిర్ ప్లాంట్ మీద నీరు ఆరిపోతే ఉప్పంతా పొలుసుల మీదే మిగులుతుంది. రోజుకు రెండుసార్లు స్ప్రే అంటే రోజుకు రెండు పూతలు. కొన్నాళ్లకు పొలుసులు పూడిపోయి, ఎంత ముంచినా మొక్క తాగలేదు. మీ అయొనాంథా కొసలు మాడడంలో దీనికి పెద్ద వాటా ఉందని నా నమ్మకం.

అందుకని బోరు నీళ్లు పూర్తిగా మానేయండి. అందరిళ్లలో ఉండే 20 లీటర్ల క్యాన్ నీళ్లు లేదా ఇంటి ఆర్వో నీళ్లు పనికొస్తాయి. రెండు లీటర్లు చాలు, ముంచాక ఆ నీళ్లు వేరే కుండీలో పోసుకోవచ్చు కాబట్టి వృథా కూడా కాదు. కానీ ఆర్వో మిషన్ పక్క గొట్టం నుంచి బయటికి పోయే నీళ్లు పట్టి వాడకండి, ఉప్పంతా అందులోకే చేరుతుంది. మున్సిపల్ కుళాయి నీళ్లు బోరు కన్నా మేలు, రాత్రి మూత లేకుండా పట్టి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఉంటే వేసి చూడండి. నా లెక్కలో 200 లోపు హాయిగా వాడొచ్చు, 500 దాటితే దగ్గరికి రానివ్వను. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టిన అపార్ట్‌మెంట్లు జాగ్రత్త. ఆ నీళ్లలో సోడియం పెరుగుతుంది, సబ్బు నురగ బాగా వస్తుందని మొక్కకు మంచిదనుకోకూడదు.

అన్నిటికన్నా మంచివి వాన నీళ్లు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. మొదటి వానలకు డాబా కడిగిపోయాక పట్టి, దోమలు చేరకుండా మూత బిగించిన డబ్బాల్లో దాచుకుంటే వేసవిదాకా పనికొస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా వాన నీళ్లలాంటివే కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ నీరు రాగి గొట్టాల మీద నుంచి జారి వస్తుంది. ఈ మొక్కలకు రాగి విషం. అదే కారణంతో రాగి తీగతో కట్టకూడదు, రాగి చెంబులో నిలవుంచిన నీళ్లు పోయకూడదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. నెల్లూరు వైపు నిమ్మచెట్టు ఉన్న ఇళ్లలో గజ్జి తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. ఆ మందు జల్లు ఎయిర్ ప్లాంట్ మీద పడితే నిమ్మకు మందు, దీనికి ప్రాణాంతకం. కొట్టే రోజు లోపల పెట్టుకోండి.

ఇక కాలాలు. మన వేసవి రెండు రకాలుగా ఉంటుంది. సముద్రపు గాలి తిరిగే రోజుల్లో ఉక్కపోత ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, మొక్కకు పెద్ద ఇబ్బంది లేదు. పడమటి గాలి తిరిగిన రోజు మాత్రం వేరు. రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెలో ఆ వడగాలికి పొద్దున తడిపిన మొక్క మధ్యాహ్నానికి కరకరలాడుతుంది. ఈ మొక్కలకు 10 నుంచి 32 డిగ్రీల మధ్య సుఖం. మనకు మే నెలలో 40 దాటుతుంది. అప్పుడు వారానికి రెండు మూడుసార్లు, తెల్లవారుజామున ముంచండి, ఎండ ఎక్కేలోపు ఆరాలి. ఎండలో ఉన్న మొక్క మీద మిట్టమధ్యాహ్నం నీళ్లు చల్లకండి. మీ పడమటి బాల్కనీలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలు ఉంచొద్దు. 50 శాతం షేడ్ నెట్ కట్టినా ఆ గోడ సాయంత్రం దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. తూర్పు లేదా ఉత్తరపు కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో, గాలి తగిలే చోట పెట్టండి. ఏసీ గదిలో అయితే ఏసీ గాలి నేరుగా తగలని మూల చూడండి, ఆ గాలిలో తేమ ఉండదు.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. అల్పపీడనం పట్టి నాలుగైదు రోజులు ముసురు పెడితే గోడలే చెమ్మగిల్లుతాయి, మొక్క ఎలా ఆరుతుంది? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంత వాన పడిందో మీకు తెలుసు. అలాంటి రోజుల్లో ముంచడం పూర్తిగా ఆపేయండి. వాన జల్లు ఒకసారి తగలనివ్వండి, అది వీటికి అమృతం. వెంటనే విదిలించి లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టండి. కరెంటు పోయి ఫ్యాన్ లేకపోతే, తలకిందులుగా దారానికి కట్టి వరండాలో గాలి తగిలేలా వేలాడదీయండి. ఆకు వెండి రంగు తిరిగి వచ్చేదాకా మళ్లీ తడపొద్దు. వారం దాటినా సరే.

వెలుతురు సంగతికి వస్తే, హాల్లో టీవీ పక్కన అరలో పెట్టి బతకమంటే బతకదు. ఆ చోట లైటు వేయకుండా పగలు హాయిగా పేపర్ చదవగలిగితే వెలుతురు ఉన్నట్టు. పొద్దుటి లేత ఎండ ఒకటి రెండు గంటలు తగిలితే ఇంకా మంచిది. వెండి రంగు ఎక్కువున్నవి ఎండకూ కరువుకూ ఎక్కువ తట్టుకుంటాయి. పచ్చగా, నున్నగా ఉన్నవాటికి నీడ, తేమ ఎక్కువ కావాలి. కొత్త రకం కొన్నప్పుడు పేరు తెలియకపోయినా ఈ ఒక్క తేడా చూసి చోటు నిర్ణయించుకోవచ్చు.

గోళాలు తీసేశాక ఎక్కడ పెట్టాలంటారా? సముద్రం ఒడ్డున ఊళ్లలో సరుగుడు కొమ్మకు కొదవ లేదు. ఎండిన కొమ్మ ఒకటి తెచ్చి, మొక్కను నైలాన్ దారంతో మొదలు దగ్గర కాకుండా కింది ఆకుల మీదుగా వదులుగా కట్టి గోడకు తగిలించండి. కొన్ని నెలలకు వేళ్లు వచ్చి అదే పట్టుకుంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి బీచుల్లో దొరికిన కొయ్య అయితే కొన్ని రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి ఉప్పు దించాలి. కొబ్బరి చిప్ప అయితే అడుగున చిల్లులు పెట్టాలి. గవ్వలు, శంఖాల్లో పెట్టి అమ్ముతుంటారు, మూతి కిందికి వంగేలా పెడితేనే నీళ్లు నిలవవు. కొయ్యకు చెదల మందు పూసి ఉంటే వాడకండి, వాటిలో కొన్నిటిలో రాగి ఉంటుంది.

ఎరువు ఎక్కువ ఆలోచించక్కర్లేదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు అర గ్రాము, నెలకోసారి, ముంచే నీళ్లలోనే కలపండి. పొలంలో పిచికారీకి వాడే మోతాదులో ఇది పదో వంతు. ఆర్కిడ్ ఎరువు దొరికితే, యూరియా లేనిది, ఇంకా మేలు. యూరియాను విడగొట్టే మట్టి బ్యాక్టీరియా ఇక్కడ ఉండదు కదా. మే నెల మంటల్లో, ముసురు రోజుల్లో ఎరువు వద్దు. పిండినల్లి ఆకుల సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే ఇయర్ బడ్‌ను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తుడిచి, కాసేపయ్యాక మంచినీళ్లతో కడిగేయండి. వేపనూనె చిక్కగా కొట్టకండి, జిడ్డు పొలుసుల్ని మూసేస్తుంది.

పూత గురించి మీరు అడగలేదు కానీ ముందే చెప్పడం మంచిది, లేకపోతే అప్పుడు టెన్షన్ పడతారు. అయొనాంథా మధ్య ఆకులు ఎర్రబడి, ఊదా రంగు గొట్టంలాంటి పూలు వస్తాయి, కొద్దిరోజులే ఉంటాయి. ఒక మొక్క జీవితంలో ఒకేసారి పూస్తుంది. తర్వాత నెమ్మదిగా వాడుతుంది, మీ తప్పేమీ ఉండదు. ఆలోపు పక్కల నుంచి పిలకలు వస్తాయి. పిలక తల్లిలో కనీసం మూడో వంతు అయ్యేదాకా విడదీయకండి. నా మటుకు నేను విడదీయకుండానే వదిలేస్తాను, గుత్తిగా పెరిగితే చూడ్డానికి నిండుగా ఉంటుంది.

సంక్రాంతి ప్రయాణానికి భయం లేదు. జనవరిలో మన దగ్గర చల్లగా ఉంటుంది. బయల్దేరే ముందు రోజు పొద్దున అయొనాంథాను గంటసేపు ముంచి, జెరోగ్రాఫికాను మామూలుగా ముంచి తీసి, రెండింటినీ పూర్తిగా ఆరబెట్టి, నేరుగా ఎండ పడని గాలి తగిలే చోట వదిలేసి వెళ్లండి. పది రోజులు నిలుస్తాయి. చేయకూడనివి రెండు. తడి ఆరకముందే ఇల్లు మూసి వెళ్లడం, దాహమేస్తుందని నీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టి వెళ్లడం. వేసవి సెలవులకైతే ఈ లెక్క పనికిరాదు, పక్కింటివాళ్లకు అప్పజెప్పి, ఎలా ముంచాలో ఒకసారి చేసి చూపించి వెళ్లండి.

బల్బోసా స్థానంలో ఇంకోటి కొనాలనుకుంటే ఈ రెండూ కుదురుకున్నాక, వేసవి పోయాక కొనండి. బ్రాకీకౌలోస్, స్ట్రెప్టోఫిల్లా మన వేడికి సర్దుకుంటాయి. టెక్టోరం తెల్లటి బొచ్చుతో ఎంత ముద్దొచ్చినా వద్దు, అది ఈక్వడార్, పెరూ ఎత్తైన కొండల చలికీ పొడిగాలికీ అలవాటుపడిన రకం, మన ఉక్కకు నిలవదు. జెరోగ్రాఫికా అడవి నుంచి పీకి అమ్మకుండా అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉన్న మొక్క, కాబట్టి మళ్లీ కొన్నా నర్సరీలో పెంచినదేనా అని అడిగి తీసుకోండి. పార్సిల్ వచ్చిన రోజే ఒకసారి ముంచి, ఆరబెట్టి, వారం రోజులు నీడలో ఉంచాకే అసలు చోటికి మార్చండి.

బల్బోసాను పారేసే ముందు ఒక్కసారి నల్లబడిన ఆకులన్నీ తీసి, అడుగున వేలితో తడిమి చూడండి. గట్టిగా, పచ్చగా చిన్న పిలక ఏదైనా మిగిలి ఉంటే కుళ్లిన భాగం పూర్తిగా తీసేసి రెండు రోజులు పొడిగా ఉంచి, ఆ ఫోటో ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.